గంగ జాతరను, వాహన సేవను ఆర్కెస్ట్రాకు రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. తిరుపతి గంగ జాతర, గోవిందరాజస్వామి వాహన సేవల స్ఫూర్తితో పదిహేను నిమిషాల ఆర్కెస్ట్రా రచన చేయాలనుకున్నారు. జాతరలో పలకల (తోలు డప్పుల) దరువును ఫోనులో రికార్డు చేసి, కంప్యూటర్‌లో దాన్నే పదేపదే తిప్పి, పైన వయొలిన్లతో ఒక బాణీ నడిపించారు. విన్నవాళ్ళంతా సినిమా నేపథ్య సంగీతంలా ఉందన్నారు. తప్పెక్కడ జరిగింది, వేదిక మీద అసలు పలకలూ నాదస్వరమూ ఉండాలా, అమ్మవారి క్రతువును ఇలా వాడుకోవడం సబబేనా అని అడిగారు.

నేను గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంటకు నాలుగు వీధుల అవతల పెరిగాను. వయొలిన్ నేర్చుకున్నదీ తిరుపతిలోనే. తర్వాత చెన్నై స్టూడియోల్లో చాలా ఏళ్ళు వాయించాను. ఆర్కెస్ట్రాకు సొంతంగా రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మీరు చేసిన పనే మొదట నేనూ చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు దరువును కింద పరిచి, బాణీని దాని మీద కూర్చోబెట్టారు. సినిమాలో ఈ పద్ధతి పనిచేస్తుంది. అక్కడ కళ్ళ ముందు తెర ఉంటుంది, సంగీతం దానికి పక్కవాద్యంగా నడుస్తుంది. మీ రచనకు తెర లేదు. కనబడని బొమ్మకు నేపథ్యం వినిపిస్తున్నట్లు వినేవారికి తోచడం సహజమే. జాతరలో దరువు దేనికీ నేపథ్యంగా ఉండదు. అక్కడ జరిగే పనే దరువు. అది ఆగిందంటే వేషం ఆగుతుంది, వెనక నడిచే జనమూ ఆగుతారు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే. జాతర నుంచి బాణీని తెచ్చుకోకండి, కట్టుబాటును తెచ్చుకోండి. ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక రావాలి, ఎక్కడ ఆగాలి, ఏ గీత దాటకూడదు, ఎవరి అసలు రూపం ఎప్పుడు బయటపడాలి అనే నియమాలు మన ఊళ్ళో తరతరాలుగా ఉన్నాయి. వాటిని స్వరాలకూ వాద్యాలకూ వర్తింపజేస్తే రచనకు ఎముకలు దొరుకుతాయి. బాణీ తర్వాత దానంతటదే వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

ఎలాగో చూపిస్తాను. మే నెలలో మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేవరకు ఊరివాళ్ళు పొలిమేర దాటి వెళ్ళి ఉండకూడదన్నది నియమం. మా అమ్మ ఆ వారమంతా పక్కనే ఉన్న చంద్రగిరిలోని పుట్టింటికి కూడా వెళ్ళేది కాదు. తాతయ్యకు ఒంట్లో బాగాలేని ఏడు కూడా కబురు పంపించింది తప్ప గడప దాటలేదు. చాలా ఏళ్ళ తర్వాత స్కోరు (అన్ని వాద్యాల స్వరపత్రం) ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతి గుర్తొచ్చింది. మొదటి నిమిషంలో ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యం ఒక్కదానితో చాటింపు వేయించాను. అది ఐదు స్వరాలను పలుకుతుంది: షడ్జమం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కాకలి నిషాదం. ఆ తర్వాత పన్నెండు నిమిషాల పాటు అరవై మంది ఆర్కెస్ట్రాలో ఎవరూ ఈ ఐదు దాటి ఆరో స్వరం పలకకూడదు. వయొలిన్లు జారుతూ ఋషభం అంచుదాకా వస్తాయి, కాని అక్కడ నిలవకుండా వెనక్కి తిరుగుతాయి. బసూన్ అనే మంద్రస్థాయి ఊదుడు వాద్యం ఒకసారి ధైవతం వైపు చూసి ఆగిపోతుంది. వినేవారికి ఈ నియమం తెలియనక్కర్లేదు. ఏదో కంచె ఉందని మాత్రం ఒంటికి తెలుస్తుంది. చివర్లో ఋషభం మొదటిసారి పలికినప్పుడు నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ అప్పటిదాకా ఒళ్ళో ఉంచుకున్న చేతులు తీసి కుర్చీని గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ తిరుపతి వారు కాదు, జాతర ఎప్పుడూ చూడలేదు.

ఆ ఐదు స్వరాలు గంభీర నాటవని మీరు గుర్తుపట్టే ఉంటారు. స్వామి వాహనం కదిలేటప్పుడు నాదస్వరంలో వినిపించే మల్లారి ఆ రాగానిదే. మల్లారికి సాహిత్యం ఉండదు. దాన్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించడం సంప్రదాయం. అది గుడి సంగీతం, పలకలూ పంబలూ (జంట డోళ్ళు) జాతర సంగీతం. మరి రెంటినీ ఎలా కలిపానని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. చాలామంది ఈ రెండింటినీ ఆలోచించకుండా ఒకే పాత్రలో పోసేస్తారు. దారుల లెక్కన చూసినా, వాయించేవారి లెక్కన చూసినా అవి వేర్వేరు లోకాలు. అవి కలిసే చోటును మన ఊరే చూపిస్తుంది. గంగమ్మను వేంకటేశ్వరుడి చెల్లెలిగా భావిస్తాం కాబట్టి జాతరకు గోవిందరాజస్వామి గుడి నుంచి పుట్టింటి సారె వెళుతుంది. మంగళవాద్యాలతో బయలుదేరిన సారె, పలకలు మోగుతున్న చోటికి చేరుతుంది. అన్నగారి నాదస్వరం చెల్లెలి దరువును కలుసుకునే ఘట్టం అది. నా రచనలో రెండు సంగీతాలూ ఆ ఒక్కచోటే ఒకే లయలోకి వస్తాయి. దానికి ముందు, తర్వాత కూడా వేటి కాలం వాటిదే, ఐదు స్వరాల కంచె ఒక్కటే ఉమ్మడి.

ఇప్పుడు వేషాల సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆడవాళ్ళను వేధించిన స్థానిక పాలకుడు పాలెగాడి కథ మీకు తెలిసిందే. దాక్కున్న పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకో మారువేషం వేసింది. అందుకే బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్లటి నామంకొమ్ము పూత. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి, వేపాకు. శనివారం దొర వేషం, గంధం. ఆ వేషం చూసి నిజంగా దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వస్తాడు, చస్తాడు. మరునాడు మాతంగి వేషం, ఆ తర్వాత సున్నపు కుండల వేషం. చివరన గుడి ముందు మట్టితో చేసిన విశ్వరూపం.

పాశ్చాత్య సంగీతంలో మూల బాణీ, దాని రూపాంతరాలు అనే పాత నిర్మాణం ఒకటి ఉంది. మొదట బాణీని స్పష్టంగా వినిపించి, తర్వాత దానికి ఒక్కొక్క వేషం వేస్తారు. జాతర క్రమం దానికి సరిగ్గా తలకిందులు. ముందు వేషాలు, చివర రూపం. అలా రాసి చూడండి. తొమ్మిదో పదో స్వరాల మూల బాణీని రాసుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. బైరాగి వేషంలో ఆ బాణీ లయ మాత్రమే వినిపించాలి, స్వరం ఒక్కటీ వినిపించకూడదు. నేనైతే వయొలిన్ల కమాను కర్రతో తీగల మీద కొట్టించాను. బండ వేషంలో తిట్లకు కూడా అడ్డు ఉండదు, కాబట్టి అక్కడ ఇత్తడి వాద్యాలను మర్యాద తప్పనివ్వండి. బాణీలోని ఎక్కే స్వరాలన్నీ దిగుతూ, ట్రంపెట్లు నాలుకను దడదడలాడిస్తూ ఊదాలి. తోటి వేషంలో బాణీని అట్టడుగు స్థాయికి దించండి. డబుల్ బాసులు, కాంట్రా బసూన్ కలిసి పలికితే బొగ్గు పూసినట్లే ఉంటుంది, ఏ స్వరమో చెవికి చిక్కదు. దొర వేషంలో దాదాపు మొత్తం బాణీ వినిపిస్తుంది, కాని పరాయి ఠీవితో. ఫ్రెంచ్ హార్న్‌లకు ఇవ్వండి, కవాతులా నడిపించండి. వినేవారు అదే అసలు బాణీ అనుకుని నమ్మాలి, పాలెగాడు నమ్మినట్లు. మాతంగి వేషం ఓదార్పు. చంపింది తానే, చంపబడినవాడి ఇంట్లో ఆడవాళ్ళను ఓదార్చడానికి వచ్చిందీ తానే. అక్కడ వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా ఒక్కటి చాలు. ఇవన్నీ అయ్యాక బాణీ తన సొంత ముఖంతో వచ్చేసరికి, మొదటిసారి వింటున్నవారు కూడా దాన్ని ఎప్పటినుంచో ఎరిగినట్లు గుర్తుపడతారు.

మరుసటి వారం బుధవారం తెల్లవారుజామున ఆ మట్టి విశ్వరూపం చెంప నరికే ఘట్టానికి మాత్రం నేను సంగీతం రాయలేదు. మట్టి కోసం జనం ఎగబడే ఆ క్షణాన్ని చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద నుంచి చూశాను. స్కోరులో అక్కడ కండక్టరు చెయ్యి ఎత్తి ఉంచుతాడు, ఎవరూ వాయించరు. ఆరు సెకన్లు. దాని తర్వాతే ఋషభం.

ఇక ఊరేగింపు. మీ కంప్యూటర్ రచనలో వాహనం దగ్గరికి వస్తున్నట్లు చూపడానికి ధ్వనిని నెమ్మదిగా పెంచుకుంటూ పోయి ఉంటారు. అందరూ చేసేది అదే. ఒకసారి గోవిందరాజస్వామి మాడ వీధుల్లో ఏదైనా ఒక మూలకు కాస్త ఇవతల, గోడకు ఆనుకుని నిలబడి చెవులతో చూడండి. వాహనం ఇంకా పక్క వీధిలోనే ఉన్నప్పుడు వినిపించేది డోలు ఎడమ ముఖం ఒక్కటే, కర్రతో కొట్టే ఆ గంభీరమైన దెబ్బ. మంద్ర ధ్వనులు మూల చుట్టి వంగి రాగలవు, తారస్థాయి ధ్వనులు రాలేవు. కుడి ముఖం మీద గట్టి తొడుగులు వేసిన వేళ్ళు పలికించే సన్నని జతులు అప్పటికి వినబడవు. తాళాలూ వినబడవు. నాదస్వరం ఉందో లేదో తెలియదు. వాహనం మూల తిరగగానే అవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మెల్లమెల్లగా పెరగడమనేది అక్కడ ఉండదు, ఒక్క అడుగు తేడాతో ధ్వని రంగే మారిపోతుంది.

స్కోరులో దీనికి ధ్వని పెంచే గుర్తు చాలదు. వాద్యాలు మారాలి. మొదట బాస్ డ్రమ్ అంచు మీద మెత్తటి దెబ్బ, డబుల్ బాస్ మీటు, అంతే. ఒక నిమిషమంతా అదే ఉండనివ్వండి. తర్వాత ఒకే మాత్రలో ఓబోలు (నాదస్వరంలా పీకతో ఊదే పాశ్చాత్య వాద్యాలు), మూత పెట్టిన ట్రంపెట్, తాళాలు, పై వయొలిన్లు. గట్టిగా కూడా వాయించనక్కర్లేదు. ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ 1899లో పూర్తి చేసిన నాక్టర్న్స్ రెండో భాగంలో దూరం నుంచి ఊరేగింపు వస్తుంది. మూత పెట్టిన మూడు ట్రంపెట్లు అతి మెల్లగా మొదలుపెడతాయి. దూరమంటే తక్కువ ధ్వని మాత్రమే కాదని, వేరే ధ్వని అని తెలిసినవాడి రాత అది. స్కోరు దొరికితే ఆ పేజీలను చేత్తో ఎత్తి రాసుకోండి, ఎంతో నేర్పుతాయి.

వాహనం దాటిపోతున్నప్పుడు శ్రుతి జారుతున్నట్లు రాయాలని కొందరు అనుకుంటారు, రైలు కూత లాగా. అవసరం లేదు. మనుషులు నడిచే వేగం సెకనుకు 1.2 మీటర్లు అనుకుంటే, ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి దాటేటప్పుడు వచ్చే మొత్తం తేడా అర్ధస్వరంలో దాదాపు ఎనిమిదో వంతు. వీధి సందడిలో చెవికి అందడం కష్టం. ఆలస్యం మాత్రం అందుతుంది. నిమిషానికి 120 దెబ్బల దరువును 170 మీటర్ల దూరం నుంచి వింటే మీకు ఒక దెబ్బ ఆలస్యంగా చేరుతుంది. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు భజన బృందాలు, కోలాటాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ఎవరి తాళం వారిది. రెండు బృందాల మధ్య నిలబడినవారికి రెండు కాలాలూ ఒకదానిమీద ఒకటి పడి కొత్త లయ పుడుతుంది. అమెరికా స్వరకర్త చార్లెస్ ఐవ్స్ ఇదే అనుభవాన్ని, రెండు బ్యాండ్లు వేర్వేరు వేగాలతో ఎదురుపడటాన్ని, తన న్యూ ఇంగ్లండ్ రచనలో నేరుగా రాశాడు. ఆయన తండ్రి బ్యాండు మాస్టరు కాబట్టి అది పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు, ఇంటి అనుభవం. మనకూ ఆ అనుభవం ఇంటిదే. వాడుకోవడానికి సంకోచించవద్దు.

దీని నుంచి తేలేది ఏమిటంటే, రాసేముందు మీరు ఎక్కడ నిలబడి వింటున్నారో తేల్చుకోవాలి. వాహనం మోసేవారి మధ్యలోనా, గడప మీదా, మేడ మీదా? చోటు మారితే మొత్తం వాద్య విన్యాసం మారుతుంది. ఒకసారి తేల్చుకున్నాక మధ్యలో చోటు మార్చకండి. మీ రచనలో మొదటి నిమిషం ఆకాశం నుంచీ రెండో నిమిషం డోలు లోపలి నుంచీ వినిపించి ఉంటుందని నా ఊహ. సినిమా అనిపించడానికి ఇదీ ఒక కారణం. కెమెరా తిరుగుతుంది, గడప మీద నిలబడ్డ మనిషి తిరగడు.

లయ దగ్గర ఒక చిన్న సంగతి. మనిషికి రెండు కాళ్ళు. నేను విన్న జాతర దరువుల్లో ఎక్కువ భాగం మూడేసి మాత్రల ఊపులో ఉంటాయి, అడుగుకు మూడు చొప్పున రెండు అడుగులకు ఆరు. అది కాళ్ళకు సుఖం. మిశ్ర చాపు తాళం అలా కాదు. ఏడు మాత్రలను తకిట తకధిమి అని నడుస్తూ వేసుకోండి, మాత్రకో అడుగు. మొదటి ఆవర్తం (ఏడు మాత్రల చుట్టు) ఎడమ కాలితో మొదలైతే రెండోది కుడి కాలితో మొదలవుతుంది. మళ్ళీ ఎడమ కాలికి రావడానికి పద్నాలుగు మాత్రలు పడుతుంది. అంటే నడిచేవారికి ఏడు అనేది నిజానికి పద్నాలుగు. నా మొదటి రచనను ఒక ఆర్కెస్ట్రా సాధన చేస్తున్నప్పుడు ఏడు మాత్రల భాగం బిగుసుకుపోయింది. అందరూ లోలోపల అంకెలు లెక్కపెడుతున్నారు, ఎవరూ వాయించడం లేదు. విరామంలో కండక్టరు అందరినీ లేపి, వాద్యాలు కుర్చీల్లో పెట్టించి, హాలు చుట్టూ నడిపించాడు. తకిట తకధిమి అనుకుంటూ మూడు చుట్లు తిరిగారు. మూడో చుట్టుకు చెల్లో వాయించే ఒకామె నడుము తెలియకుండానే ఊగడం మొదలైంది. తిరిగి కూర్చున్నాక ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. ఆ రోజు నుంచి ఆ భాగం పైన నేను ఒక వాక్యం రాసి ఉంచుతున్నాను: వాయించే ముందు నడవండి.

మీ రెండో ప్రశ్న, అసలు వాద్యాలు వేదిక మీద ఉండాలా? ఉండవచ్చు. ఉంటే వాటి అవసరాలు తీర్చాలి, అది చిన్న పని కాదు. తోలు పలకలను మంట మీద కాచి బిగువు తెస్తారు కదా. ఏసీ హాలులో పావుగంటకే అవి చల్లబడి మెత్తబడతాయి. హాలువారు మంట పెట్టనివ్వరు. మాకు ఒక ప్రదర్శనలో పక్క గదిలో కరెంటు పొయ్యి పెట్టి, వాయించేవారు వంతులవారీగా పలకలు మార్చుకోవలసి వచ్చింది. ఆ రాకపోకలకు సరిపడా విరామాలు స్కోరులో లేవు, అప్పటికప్పుడు రాశాను. నాదస్వరానికి చలిలో పీక (ఊదే రెల్లు) ఎండిపోతుంది, శ్రుతి దిగిపోతుంది. శ్రుతి విషయంలోనే ఇంకో దెబ్బ తిన్నాను. మాతో వాయించిన విద్వాంసుడి నాదస్వరం రెండున్నర శ్రుతి. అంటే డి షార్ప్. మొత్తం రచనను దానికి సరిపెట్టాను. తీగ వాద్యాలన్నీ ఒక్కసారిగా మూగవోయినట్లయింది. వయొలిన్‌లో వేలు పెట్టకుండా మోగే తీగల్లో డి, ఎ ఉన్నాయి. రెండు శ్రుతికి షడ్జమ పంచమాలు అవే. రెండున్నరకు ఆ రెండూ పోయాయి, వాటితోపాటు తీగలన్నీ కలిసి మోగే ఆ గుంజనమూ పోయింది. ముందే విద్వాంసుడిని కలిసి, రెండు శ్రుతి వాద్యం ఉందేమో అడిగి ఉంటే సరిపోయేది. మీరు ముందే అడగండి.

అసలు వాద్యాలు లేకుండా రాస్తే, ఏ ఒక్క పాశ్చాత్య వాద్యాన్నీ నాదస్వరానికి బదులుగా పెట్టకండి. ఓబో ఒంటరిగా నాదస్వరం వేషం వేస్తే చిన్నబోతుంది. రెండు ఓబోలు, ఒక మూత ట్రంపెట్ ఒకే బాణీని కలిసి వాయిస్తూ, ఒకరు గమకం ఊపుతుంటే మరొకరు తిన్నగా పట్టుకుంటే, వీధిలో రెండు నాదస్వరాల మధ్య ఉండే ఆ చిన్న ఒరిపిడి వస్తుంది. పలక దరువును ఒకే వాద్యానికి ఇవ్వకండి, పంచండి. ఆరు మాత్రల దరువు తీసుకోండి. మొదటి దెబ్బ లావు పుల్లది, దానికి బాస్ డ్రమ్‌తో పాటు చెల్లోల కమాను కర్ర దెబ్బ. రెండోది, మూడోది సన్న పుల్లవి, వాటికి వయోలాల మీటు. నాలుగో మాత్రకు డబుల్ బాస్ తీగను గట్టిగా లాగి వదిలితే అది తీగల కింది చెక్కకు తగిలి పెళుసుగా మోగుతుంది. ఐదు ఖాళీ. ఆరో మాత్రకు వయొలిన్ల మీటు, తర్వాతి ఆవర్తంలోకి తోసేలా. ఒక్కొక్క దెబ్బ వేదికపై ఒక్కో చోటు నుంచి వస్తుంది కాబట్టి దరువు హాలులో నిజంగా కదులుతుంది. మీ రికార్డింగును తిప్పితే ఈ కదలిక ఎన్నటికీ రాదు. ఉడుకు (డమరుకం లాంటి చిన్న వాద్యం) ధ్వని కావాలంటే టింపనీ అనే కుండ డ్రమ్ ఉంది. దాని కాలిమీట నొక్కుతూ కొడితే శ్రుతి వంగుతుంది, ఉడుకు తాళ్ళు నొక్కినప్పుడు వంగినట్లే.

జనం కేక గురించి రెండు మాటలు. ఒకరు గోవిందా అని ఎత్తుకుంటే వేల గొంతులు అందుకుంటాయి. ఆ గొంతులు ఒకే క్షణంలో మొదలుకావు, ఒకే శ్రుతిలో ఉండవు, అయినా ఒకే మాట. దాన్ని అందరికీ ఒకే స్వరంగా రాస్తే సైనిక కవాతు అవుతుంది. ముప్పై మంది వయొలిన్ వాయించేవారికి ముప్పై చిన్న గీతలు రాయండి. ఒక్కొక్కరూ పక్కవారి కమాను కదిలాకే మొదలుపెట్టాలని సూచించండి. గడియారం చూసుకుని కాదు, పక్కవారిని చూసి. జనంలో జరిగేది అదే.

మూడో ప్రశ్నకు వస్తాను. ఇది సబబేనా అన్న మీ సందేహం మంచిది, దాన్ని పోనివ్వకండి. మొదటిసారి రాసేముందు పంబ వాయించే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. జంట పంబల్లో ఒకదాని తోలును బొటనవేలితో నొక్కి చూసుకుంటూ నా మాటలన్నీ విన్నారు. అమ్మవారిని పిలిచే పాటను గాయకులతో పాడించాలని ఉందన్నాను. ఆయన తల ఎత్తి, “దరువు తీసుకో నాయనా, ఎవరు వద్దంటారు? పిలుపు మాత్రం తీసుకోవద్దు. పిలిస్తే వచ్చిన తల్లిని అక్కడ ఎక్కడ కూర్చోబెడతావు?” అన్నారు. హాలులో ఎనిమిది వందల కుర్చీలున్నాయి, ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పిలుపును తీసేశాను. అప్పటినుంచి నేను ఒక గీత గీసుకున్నాను. నడక, దరువు, వరుస, విరామం, ఇవి ఊరందరివీ. పిలుపు, ప్రమాణం, పూనకం, ఇవి వేదికకు రాకూడదు. మీ గీత వేరే చోట ఉండవచ్చు. కాని అది మీరు ఇంట్లో కూర్చుని గీసుకునేది కాదు, వాయించేవారిని అడిగి గీసుకునేది.

మీరు ఫోనులో రికార్డు చేసిన దరువును రచనలో యథాతథంగా వాడాలనుకుంటే, వాయించినవారి అనుమతి తీసుకోండి, డబ్బు చెల్లించండి, కార్యక్రమ పత్రంలో పేర్లు వేయండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకులకు హక్కు ఇస్తోంది. చట్టం లేకపోయినా ఇది చేయవలసిన పనే.

అరవై మందితో ఇప్పుడే మొదలుపెట్టవద్దు. మన ఊళ్ళో పెళ్ళిళ్ళకు వచ్చే బ్యాండు మేళం ఉంది కదా, రెండు క్లారినెట్లు, రెండు ట్రంపెట్లు, ఒక యూఫోనియం, డ్రమ్ములు. ఊరేగింపు భాగం వరకు వారితో ప్రయత్నించండి. వారిలో చాలామందికి నొటేషన్ రాకపోవచ్చు, పాడి వినిపిస్తే ఒక్క పూటలో పట్టేస్తారు. నడుస్తూ వాయించడం వారికి ఊపిరితో సమానం. ఎండవేళ కాకుండా ఒక సాయంత్రం ఖాళీ వీధి చూసుకుని, వారిని ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించి, మీరు ఒక గడప మీద కూర్చుని వినండి. ఆగే చోట్లు కూడా పెట్టండి. వాహనం హారతికి ఆగినప్పుడు మోసేవారు భుజం మార్చుకుంటారు, డోలు తగ్గుతుంది, నాదస్వరం ఒక్కటే కాస్త రాగం తీస్తుంది, మళ్ళీ కదిలేముందు డోలు చిన్న ముక్తాయింపు వేస్తుంది. మీ పదిహేను నిమిషాల్లో అలాంటి విరామాలు నాలుగైనా ఉండాలి. ఊరేగింపుకు పేరాలు అవే. మీ రచనలో ఒక్కటి కూడా లేదని మీరు రాసినదాన్ని బట్టి అర్థమైంది.

ముగింపు ఎలా అని మీరు అడగలేదు, కాని అక్కడే చాలామంది తడబడతారు. అన్ని వాద్యాలనూ ఒకేసారి మోగించి ఆపేయాలనిపిస్తుంది. మీరు గడప మీద కూర్చున్నారని గుర్తుంచుకోండి. వాహనం దాటి వెళ్ళి అవతలి మూల తిరుగుతుంది. వచ్చినప్పటి క్రమమే, తలకిందులుగా. ముందు తాళాలు, నాదస్వరం ఒక్క అడుగులో ఆరిపోతాయి. డోలు ఎడమ ముఖం మిగులుతుంది. కాసేపటికి అది వినిపిస్తోందో, వినిపిస్తోందని మనమే అనుకుంటున్నామో తెలియదు. నా స్కోరు చివరి పేజీలో ఒకే ఒక్క డబుల్ బాస్ ఉంటుంది. చివరి నాలుగు మాత్రల్లో చెయ్యి కదలాలి కాని తీగకు తగలకూడదని రాశాను. కండక్టరు అప్పటికే చెయ్యి దించేసి ఉంటాడు.